బ్రేకవుట్ నడుస్తలేదు: పద్ధతి మార్చాల్నా, లాట్లు తగ్గించాల్నా?

కాజీపేట_క్యాండిల్:
అన్నలకు నమస్తే. నాది 15 నిమిషాల బ్రేకవుట్ ట్రేడింగ్ పద్ధతి. 9:15 నుంచి 9:30 దాక పడ్డ హై, లో మీద గీతలు గీసుకుంట, ఏ దిక్కు తెగితే ఆ దిక్కు ఆప్షన్ (పైకైతే కాల్, కిందికైతే పుట్) కొంట. బ్యాంక్ నిఫ్టీ (బ్యాంకు షేర్ల ఇండెక్స్) వీక్లీ, అంటే వారం వారం గడువు తీరే ఆప్షన్ల మీద, ముఖ్యంగా బుధవారం ఎక్స్‌పైరీ నాడు, బాగ నడిచింది. 2024 నవంబర్ 13తోని ఆ వీక్లీ బందయింది. నిఫ్టీకి మారిన. అప్పటిసంది గీత తెగుతది, నేను కొంట, మళ్ల లోపలికొస్తది, స్టాప్‌లాస్ (నష్టం ఇంతకు మించొద్దని పెట్టుకున్న హద్దు) కొడ్తది. 2025 సెప్టెంబర్‌ల నిఫ్టీ ఎక్స్‌పైరీ గురువారం నుంచి మంగళవారానికి జరిగినంక ఉన్న కొద్దిపాటి అంచనా గూడ పోయింది. పద్ధతి మార్చాల్నా, ఇదే పట్టుకొని ఉండాల్నా?

మంచిర్యాల_బావి:
ఎస్‌టీటీ (ట్రేడ్ల మీద సర్కారు పన్ను) పెంచి చిన్నోళ్లను సంపుతున్నరు. పద్ధతి ఏం చేస్తది?

ఎనుమాముల_పాతకాపు:
తమ్మీ, పద్ధతి ముట్టుకోకు. మొదలు ఇది చెప్పు. అప్పుడు ఎన్ని లాట్లు (ఆప్షన్లు కొనే కట్టలు), ఇప్పుడు ఎన్ని? స్టాప్ ఎంత?

కాజీపేట_క్యాండిల్:
అప్పుడూ రెండే, ఇప్పుడూ రెండే కాకా. స్టాప్ అప్పుడు 40 పాయింట్లు, ఇప్పుడు 20కి తగ్గించిన. పెట్టుబడి 3 లక్షలు.

ఎనుమాముల_పాతకాపు:
నువ్వు తగ్గించలే, పెంచినవ్. బ్యాంక్ నిఫ్టీ లాట్ అప్పుడు 15. రెండు లాట్లు, 40 పాయింట్లు: 1,200 రూపాయలు. 2024 నవంబర్‌ల సెబీ (మార్కెట్ల నియంత్రణ సంస్థ) కాంట్రాక్ట్ విలువ 15 లక్షలకు పెంచినంక నిఫ్టీ లాట్ 25 నుంచి 75 అయింది. రెండు లాట్లు, 20 పాయింట్లు: 3,000. రోజుకు రెండు స్టాప్‌లు కొడితే అప్పుడు 2,400 పోయేది, ఇప్పుడు 6,000. నీ నోట్లె ‘రెండు లాట్లు’ అన్న మాట మారలే గని దాని బరువు మారింది. యార్డుల బస్తాలే లెక్కపెట్టి తూకం చూడకపోతే ఎట్లుంటది? ఒక్క లాట్‌కు రా. అదే పద్ధతి 100 ట్రేడ్లు చెయ్యి, రాసుకో. అటెన్క మాట్లాడుదాం.

సుబేదారి_చార్ట్స్:
పాతకాపు కాకా లెక్క సరైందే, ఇచ్చిన సలహా కాదు. ఓడిపోయే పద్ధతిని ఒక్క లాట్‌తోని చేస్తే నెమ్మదిగ ఓడిపోతం, గంతే. బుధవారం నీ బ్రేకవుట్ ఎందుకు నడిచిందో ఆలోచించు తమ్మీ. ఎక్స్‌పైరీ నాడు ఆప్షన్ చౌక, ఇండెక్స్ కొద్దిగ కదిలినా ప్రీమియం (ఆప్షన్ ధర) ఒక్కసారి లేస్తది. నీ గీత కంటే గామానే (ప్రీమియం అట్ల జోరుగ లేసుడే) ఎక్కువ సంపాదించి పెట్టింది. ఇప్పుడు బ్యాంక్ నిఫ్టీకి నెలవారీ ఒక్కటే మిగిలింది. ప్రీమియం ఎక్కువ, కదలిక తక్కువ. నువ్వు చేసే వస్తువే మారినప్పుడు పద్ధతి అట్లనే ఎట్ల ఉంటది?

నేను జల్లెడ పెట్టుకున్న. 14 రోజుల సగటు రేంజ్ 200 పాయింట్లు అనుకో. మొదటి 15 నిమిషాలల్లనే 120 తిరిగితే ఇగ మిగిలేది 80. ఆనాడు నేను బ్రేకవుట్ కొన. 60 లోపుంటేనే కొంట. సైడ్‌వేస్ ఉన్ననాడు వీవాప్ (ఆనాటి ట్రేడ్ల సగటు ధర) దిక్కు తిరిగొచ్చే ట్రేడ్, అదిగూడ సగం క్వాంటిటీ.

మంచిర్యాల_బావి:
ఎస్‌టీటీ గురించి ఎవ్వరు మాట్లాడ్తలేరు.

ఎనుమాముల_పాతకాపు:
మాట్లాడుత. 150 రూపాయల ప్రీమియం, 75 క్వాంటిటీ అమ్మితే 11,250. అంతకుముందు 0.0625 శాతం, అంటే 7 రూపాయలు. 2024 అక్టోబర్ 1 నుంచి 0.1 శాతం అయింది, అంటే 11. తేడా 4 రూపాయలు. కొనుడు ఒక రూపాయి ఎక్కువకు, అమ్ముడు ఒక రూపాయి తక్కువకు పడితే ఒక్క లాట్‌కే 150 పోతయ్. ఆప్షన్లు కొనెటోనికి ఎస్‌టీటీ రోగం కాదు.

మంచిర్యాల_బావి:
4 రూపాయలైనా మన కష్టమే గద కాకా.

జగిత్యాల_పసుపు:
సెబీ లెక్కల 2021-22 నుంచి 2023-24 దాక ఎఫ్ అండ్ ఓల (ఫ్యూచర్లు, ఆప్షన్లల్ల) 100కు 93 మంది నష్టపోయిండ్రు. అది జూసినంక గూడ ఏ గీత గీయాలె అని అడుగుడేంది?

ఎనుమాముల_పాతకాపు:
సుబేదారి తమ్మీ, 120, 60 అని ఎవరు చెప్పిండ్రు? రేపు అది తప్పితే 70, ఎల్లుండి 50. పోయిన నెల చార్ట్‌కు కొలిచి కుట్టిన అంగీ ఈ నెలకు పట్టది. మా ఎనుమాముల మార్కెట్ యార్డుల జెండా పాట (ఆ రోజు మొదటి వేలం) అయితది. పొద్దుగాల పాడిన ధర మంచి సరుకుకే. దాన్ని నమ్మి రైతు అన్ని బస్తాలకు అదే వస్తదని లెక్కేసుకుంటడు. మీ బ్యాక్‌టెస్ట్ (పాత చార్ట్ మీద చేసే పరీక్ష) గూడ జెండా పాటే.

సుబేదారి_చార్ట్స్:
కాకా, ‘పద్ధతి మార్చకు, క్రమశిక్షణ’ అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతది. 9:20 స్ట్రాడిల్ నేర్పినాయన గూడ ఇదే అన్నడు. పొద్దున కాల్, పుట్ రెండూ అమ్ము, స్టాప్ పెట్టు, సంవత్సరం మార్చకు అన్నడు. వీక్లీ ప్రీమియాలు సన్నబడ్డయని నాకు కనబడుతనే ఉంది. అడిగితే ‘నీకు ఓపిక లేదు’ అన్నడు. 2024 జూన్ 4న ఎలక్షన్ ఫలితాల నాడు నిఫ్టీ దాదాపు 6 శాతం పడ్డది. నా స్టాప్ నేను పెట్టిన కాడ పడలే, ఎక్కడనో పడ్డది. 11 నెలల లాభం గంటల పోయింది. కండ్ల ముందు మారుతున్నదాన్ని చూడొద్దని చెప్పెటోని మాట నేను మళ్ల వినను.

ఎనుమాముల_పాతకాపు:
నువ్వు పైసలే పోగొట్టుకున్నవ్. మా తమ్ముడు ఒక్క ఏడాదిల ఏడు పద్ధతులు మార్చిండు. పైసలు పోయిన ప్రతిసారి ‘పద్ధతిది తప్పు, కొత్తది దొరికింది’ అన్నడు. సూపర్‌ట్రెండ్ అన్నడు, ఆర్ఎస్ఐ అన్నడు. ఆఖరికి పరకాల దగ్గరి భూమి అమ్మితిమి. నువ్వు ‘మార్కెట్ మారింది, మనం మారాలె’ అంటే నాకు వాని గొంతే వినబడ్తది.

సుబేదారి_చార్ట్స్:
మీ తమ్ముని కోపం నా మీద చూపిస్తే ఎట్ల? నేను అడ్డమీద పద్ధతులు అమ్ముకునెటోన్ని కాదు.

ఎనుమాముల_పాతకాపు:
మరి మూడు పోస్టులల్ల ఒక్కసారన్న ‘ఆగు’ అన్నవా ఈ పిలగానితోని?

కాజీపేట_క్యాండిల్:
జర ఆగుండ్రి ఇద్దరు. ఆగుమంటే ఎట్ల ఆగుత? మార్చిల నౌకరి ఇడిసిపెట్టిన. 5వ తారీఖు ఈఎమ్ఐ 14,200. ఇంట్ల ఇంకా పూర్తిగ చెప్పలే. ‘ఇదే పట్టుకొని ఉండాల్నా’ అని మొదలు అడిగింది అందుకే.

సుబేదారి_చార్ట్స్:
ఇది మొదట్లనే చెప్పాల్సింది తమ్మీ. నా జల్లెడల నెలకు పది, పన్నెండు రోజులు ట్రేడే ఉండది. ఇంటి ఖర్చు దీంట్లకెల్లే రావాలంటే ఆ ఖాళీ రోజులు నువ్వు కూసోలేవు. అట్లయితే నా పద్ధతి గూడ నీకు పనికిరాదు.

ఎనుమాముల_పాతకాపు:
గిప్పుడు అన్నవ్ అసలు మాట. నేను ఒక్క లాట్ అన్నప్పుడు పిలగానికి జీతం వస్తదనే అనుకున్న. ఈ సంగతి తెలిస్తే ఆ ఒక్కటి గూడ వద్దనేటోన్ని.

హన్మకొండ_07:
నాది గూడ ఇదే కథ అన్నా. ఇంట్ల చెప్పుండ్రి ముందు.

కాజీపేట_క్యాండిల్:
రెండు రోజులు కూసోని సెప్టెంబర్ 1 నుంచి కాంట్రాక్ట్ నోట్లన్ని తీసిన. 61 ట్రేడ్లు. ఒక్క లాట్ అయితే నష్టం సగమయ్యేది, లాభమైతే కాకపోవు. సుబేదారి అన్న జల్లెడ పెడితే 22 ట్రేడ్లు ఎగిరిపోతయ్, అందుల 17 నష్టపోయినయే. ఇంకొకటి కనబడ్డది, అది చూసి చేతులాడలే. 1 నుంచి 5వ తారీఖు మధ్యల రోజుకు నాలుగైదు ట్రేడ్లు చేసిన. మిగిలిన రోజులల్ల ఒకటే, లేకుంటే అదీ లేదు. నా గీత తెగకముందే కొన్నయి గూడ ఆ రోజులయే.

సుబేదారి_చార్ట్స్:
22 మీద ఏం తేల్చలేం. నిఫ్టీకి మారినకాడి నుంచి మొత్తం షీట్ పెట్టు, నేను లెక్క తీస్త.

ఎనుమాముల_పాతకాపు:
షీట్ తర్వాత. వచ్చే నెల 5 దాటేదాక టెర్మినల్ తెరువకు.

కాజీపేట_క్యాండిల్:
నిన్న రాత్రి ఇంట్ల చెప్పిన. ఈ నెల ఈఎమ్ఐకి మా బామ్మర్ది సర్దుతనన్నడు. షీట్ రేపు పెడుత అన్నా.