మూడు చక్రాల బండి: ముందు రెండా, వెనక రెండా, పక్కనొకటా?

పేటమ్మాయి
అందరికీ నమస్కారం అండి. మా నాన్నకి చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నగా ఉండిపోయింది, ఇన్నేళ్ళూ పాత స్కూటీకి సైడు చక్రాలు వేయించుకునే తోలేరు, ఇప్పుడది ఛాసిస్ తుప్పు పట్టీసింది, వెల్డింగు కూడా నిలబడదని మెకానిక్ చెప్పీసేడు. కొత్తది కొనాలి. నాన్న నరసన్నపేట నుంచి బట్టల మూటలు తెచ్చి ఊళ్ళో అమ్ముతారు, ఒక్కోసారి అమ్మ కూడా వెనక కూర్చుంటుంది. ఊరి నుంచి మట్టిరోడ్డు, ఆ తర్వాత హైవే పక్క సర్వీసు రోడ్డు. మా తమ్ముడు యూట్యూబ్‌లో ముందు రెండు చక్రాలున్న బళ్ళు చూసి అవే కావాలి అంటన్నాడు, మావయ్యేమో బుల్లెట్‌కి పక్కన తొట్టి (సైడ్‌కార్) పెట్టిద్దాం అంటారు, నాన్న మాత్రం పాత పద్ధతే చాలు అంటారు. ఎవరెవరు ఏది వాడేరు, ఏది ఎక్కడ ఇబ్బంది పెట్టింది, కొంచెం చెప్పండి.

ఓడ మనిషి
చెల్లీ, మాది సోంపేట సైడు, ఓడల్లో పని. తమ్ముడు చూపించినవి యమహా ట్రైసిటీ, పియాజియో ఎంపీ3 అయ్యుంటాయి. ఎంపీ3 2006లో వచ్చింది, ఇటలీ పోర్టుల్లో దిగితే ఎక్కడ చూసినా అవే, మన ఆపే ఆటో కంపెనీయే అది కూడా. ట్రైసిటీ 125 అయితే 2014లో వచ్చింది. ముందు రెండు చక్రాలూ మలుపులో బండితో పాటు వంగుతాయి, తడి రోడ్డు మీద, ట్రామ్ పట్టాల మీద జారదు, నేను తోలేను, హాయిగా ఉంటుంది.

కానీ యూట్యూబ్‌లో చెప్పని సంగతి ఒకటుంది. వంగే బండి అంటే ఆగినప్పుడు కూడా వంగిపోద్ది. ఎంపీ3లో ఆగేముందు బటన్ నొక్కితే ముందు భాగం లాక్ అవుద్ది, కాలు కింద పెట్టక్కర్లేదు. ట్రైసిటీ 125లో ఆ లాక్ లేదు, మూడు చక్రాలున్నా సిగ్నల్ దగ్గర కాలు ఆనించాల్సిందే, తర్వాత వచ్చిన ట్రైసిటీ 300కే ఆ సదుపాయం పెట్టేరు. మీ నాన్నగారికి ఎడమ కాలు ఆనదు కదా. పైగా ఇవేవీ మన దేశంలో షోరూముల్లో అమ్మట్లేదు, తెప్పించుకుంటే టాక్సులే తడిసి మోపెడవుతాయి, ముందు సస్పెన్షన్‌లో ఒక బుష్ పోతే శ్రీకాకుళంలో ఎవడిస్తాడు?

లెక్కల పిచ్చి
రెండు చక్రాలు ముందుంటే రివర్స్ ట్రైక్ (టాడ్‌పోల్ అని కూడా అంటారు), వెనకుంటే డెల్టా. నేలకి ఆనే మూడు చోట్లనీ గీతతో కలిపితే త్రిభుజం వస్తుంది కదా, బరువు ఆ త్రిభుజం దాటి బయటకి పోతే బండి తిరగబడుతుంది, అసలు కథంతా ఇదే. మలుపులో బ్రేకు వేసేరనుకోండి, బరువు ముందుకీ బయటి పక్కకీ నెడుతుంది. డెల్టాలో ఆ మూల చక్రమే లేదు, ముందున్నది ఒక్కటే, అందుకే మన ఆటోలు మలుపులో గట్టిగా బ్రేకేస్తే ఒక వెనక చక్రం లేచిపోతుంది. రివర్స్ ట్రైక్‌లో సరిగ్గా ఆ మూలనే చక్రం ఉంటుంది. కాన్-ఆమ్ స్పైడర్, రైకర్, పొలారిస్ స్లింగ్‌షాట్ ఇవన్నీ ముందు రెండు పెట్టుకున్నది అందుకే, ఇవి వంగవు, కారులాగ నిటారుగా తిరుగుతాయి. స్లింగ్‌షాట్‌కైతే హ్యాండిల్ కాదు, స్టీరింగే.

డెల్టాకి ఉన్న లాభం ఏంటంటే బరువు వెనకేసుకోవచ్చు, సామాన్లకి చోటు, తయారీ సులువు. హార్లీ వాళ్ళ సర్వీ-కార్ 1932 నుంచి 1973 దాకా ఈ పద్ధతిలోనే వచ్చింది, అమెరికాలో పోలీసులు పార్కింగ్ చూసుకోడానికి దాని మీదే తిరిగేవారు. సామాను మోసే పని ఉన్నోళ్ళకి డెల్టా, జోరుగా తోలేవాళ్ళకి రివర్స్ ట్రైక్, నా లెక్క అది.

సాలూరు లారీ
మాస్టారూ మీ త్రిభుజం బావుంది గానీ, సాలూరు ఘాట్‌లో దిగుతున్నప్పుడు బరువు ఎలాగా ముందుకే పోద్ది, అప్పుడు డెల్టా వాడు ఏం చెయ్యాలి?

లెక్కల పిచ్చి
మలుపు రాకముందే బ్రేకు పని ముగించుకోవాలి, మలుపులో బ్రేకు ముట్టుకోకూడదు. ఇంకా పైన బరువు పెట్టకుండా కిందనే పెట్టాలి. బట్టల మూట సీటు మీద పెట్టేకన్నా కాళ్ళ దగ్గర పెడితే నయం.

రిటైర్డ్ సుబేదార్
అమ్మా, మావయ్య చెప్పిన పక్క తొట్టి నా దగ్గర ఉంది, పాత బుల్లెట్‌కి కట్టించుకున్నాను, మనవలు దాంట్లోనే అరసవల్లి వస్తారు, ఏడు రోడ్ల జంక్షన్‌లో ఆగితే చుట్టూ జనం ఫోన్లు తీస్తారు. సరదాకి దీన్ని మించింది లేదు. అయితే మీ నాన్నకి వద్దు అంటాను, ఎందుకో వినండి.

తొట్టి మనకి ఎడమ పక్క ఉంటుంది. యాక్సిలరేటర్ ఇస్తే తొట్టి వెనక్కి లాగుతుంది కాబట్టి బండి ఎడమకి, అంటే రోడ్డు దిగువకి పోతుంది. బ్రేకు వేస్తే తొట్టి ముందుకి తోసుకొస్తుంది, బండి కుడికి, అంటే ఎదురొచ్చే లారీ మీదకి లాగుతుంది. ఎడమ మలుపు జోరుగా తిరిగితే ఖాళీ తొట్టి గాల్లోకి లేస్తుంది, అందుకే ఎవరూ లేనప్పుడు ఇసక బస్తా వేసుకుని తిరగాలి. ఇవన్నీ చేతుల బలంతో సర్దుకుంటూ పోవాలి, హ్యాండిల్ బరువు, మామూలు బైకు తోలినట్టు ఒళ్ళు వంచితే ఏం జరగదు. తొట్టి చక్రం కొంచెం లోపలికి చూసేలాగ, బైకు వెనక చక్రం కన్నా కొంచెం ముందుకి ఉండేలాగ, బైకు కొంచెం బయటకి వాలేలాగ అమర్చకపోతే ఒక పక్కకి లాగుతూనే ఉంటుంది, ఆ అమరిక తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు తక్కువ.

కాలి సంగతి చూడండి. ఇప్పటి బుల్లెట్లకి గేరు ఎడమ కాలితో వెయ్యాలి. పాతవాటికి గేరు కుడి పక్కకే ఉన్నా బ్రేకు ఎడమ కాలికి ఉంటుంది. ఏది తీసుకున్నా ఎడమ కాలికే పని. మావయ్యకి ఈ మాట చెప్పండి, ఒప్పుకుంటారు.

ఉద్దానం కుర్రోడు
ఇంత గొడవెందుకు, ఒక ట్రాలీ ఆటో కొనీసుకోండి, సామానూ పడుద్ది, వానకి తడవరు

పేటమ్మాయి
అన్నా, ఆటో అయితే మా వీధిలోకి తిరగదు, నాన్నకి అది నచ్చదు కూడా, కొట్టు ముందు తన బండి మీద తను దిగాలి అంటారు. దానికి పర్మిట్టులవీ వేరే ఉంటాయి కదా. ఓడ అన్నయ్యా, కాలు ఆనించాలన్న సంగతి తమ్ముడికి చదివి వినిపించేను, ఇంక మాట్లాడట్లేదు. సుబేదార్ గారూ చాలా థాంక్స్ అండి.

కర్రల మాస్టారు
నేను బొబ్బిలి దగ్గర స్కూల్లో పనిచేస్తాను, నాకూ పోలియోయే, రెండు చంక కర్రలు. సైడు చక్రాల బళ్ళు కైనెటిక్ రోజుల నుంచి మార్చి మార్చి తోలుతున్నవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మనకి దొరికే సైడు చక్రాల బండిని అందరూ మూడు చక్రాల బండి అనే అంటారు గానీ లెక్కపెడితే నాలుగు. ముందొకటి, వెనక స్కూటర్‌దే ఒకటి, దానికి అటూ ఇటూ చెరొకటి. బండిని నడిపేది మాత్రం మధ్య చక్రం ఒక్కటే. అసలు బాధంతా ఇక్కడే ఉంది. మట్టిరోడ్డులో బండ్ల చక్రాలు తిరిగి తిరిగి మధ్యలో పల్లం పడితే, పక్క చక్రాలు గట్టు మీద నిలబడి మధ్య చక్రం గాల్లో వేలాడుతుంది, యాక్సిలరేటర్ ఎంత తిప్పినా గిర్రున తిరుగుద్ది తప్ప బండి కదలదు. కర్రలున్నవాడు దిగి తొయ్యగలడా? ఎవరో దారిన పోయేవాళ్ళు రావాలి. వర్షాకాలంలో ఈ అవస్థ ఇంకా ఎక్కువ.

దీనికి మందు పక్క చక్రాలు బిగించే కిట్టులోనే ఉంది. పక్క చక్రాలు బిగువుగా, నేరుగా ఇనప రాడ్డుకి వెల్డింగు చేసిన కిట్టు వద్దు. చెరో పక్క షాక్‌అబ్జార్బర్ ఉండి, రెండు చక్రాలూ విడివిడిగా పైకీ కిందకీ ఆడేది కావాలి. ఎత్తు సర్దుకునే బోల్టు ఉండాలి. బిగించినాక మనిషి కూర్చుంటే బరువులో ఎక్కువ భాగం మధ్య చక్రం మీదే పడాలి, పక్కవి ఆసరాకి మాత్రమే ఆనాలి. కొంతమంది మెకానిక్కులు బండి అటూ ఇటూ ఊగకూడదని పక్క చక్రాలు కిందకి దించీసి బిగిస్తారు, కొట్టు ముందు సిమెంటు గచ్చు మీద బ్రహ్మాండంగా ఉంటుంది, మన ఊరి రోడ్డెక్కేక తెలుస్తుంది.

ఇంకో సంగతి, పక్క చక్రాలకి చాలా కిట్లలో బ్రేకు ఉండదు, బండి బరువేమో పెరిగిపోయింది, బ్రేకులు అవే పాతవి. అందుకని ఆగే దూరం పెరుగుద్ది. మైలేజీ తగ్గుద్ది, బెల్టు, క్లచ్ తొందరగా అరుగుతాయి, టైరు గుండ్రంగా కాకుండా మధ్యలో చదునుగా అరుగుద్ది ఎందుకంటే బండి ఎప్పుడూ వంగదు కదా. ఇవన్నీ ఉన్నా నేను ఇదే కొంటాను. స్కూటర్‌కి రెండు బ్రేకులూ చేతికే, గేర్లు లేవు, కాళ్ళ దగ్గర చోటుంది, మెకానిక్ ప్రతి ఊళ్ళోనూ ఉన్నాడు.

ఇజీనారం వెల్డింగు
మాస్టారు చెప్పింది నూటికి నూరు నిజం. మాది విజయనగరం, ఈ కిట్లే బిగిస్తుంటాం. కొందరొచ్చి మధ్య చక్రం తీసీసి వెనక రెండు చక్రాలకీ పవరు ఇచ్చీ అంటారు. స్కూటర్‌కి అది కష్టం గురూ, ఎందుకంటే స్కూటర్‌లో ఇంజనూ వెనక చక్రమూ ఒకే ముక్క, రెండూ కలిసే పైకీ కిందకీ ఊగుతాయి, యాక్సిల్ కొత్తగా వేసి డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలూ వేరువేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) పెట్టాలంటే ఆ అమరికంతా విప్పాలి. చైను ఉన్న గేరు బైకులకి అయితే అలాగ చెయ్యొచ్చు, సామాన్లకి కూడా బాగుంటది, కానీ అప్పుడు గేరూ కాలి బ్రేకూ వస్తాయి, ఈ నాన్నగారికి మళ్ళీ కుదరదు. డిఫరెన్షియల్ లేకుండా ఒట్టి రాడ్డు వేసీసి రెండు చక్రాలూ ఒక్కలాగే తిప్పీసేవోళ్ళు ఉన్నారు, అది మలుపు తిరగదు, నేరుగా పోతా ఉంటాది, అలాంటిది ఎవరు తక్కువకి చేసిస్తానన్నా వద్దు.

వెడల్పు కూడా కొలుచుకోండి. పక్క చక్రాలు దూరంగా ఉంటే తిరగబడదు, కానీ మీ గుమ్మం దాటి లోపలికి రాదు. వచ్చేటప్పుడు ఇంటి గేటు కొలత, వీధి ఇరుకైన చోట కొలత టేపుతో పట్టుకురండి. కర్రలు పెట్టుకునే క్లిప్పు మేం ఊరికే వేసిస్తాం.

సాలూరు లారీ
రివర్స్ ఎలాగ మరి? కాలితో వెనక్కి తొయ్యలేరు కదా

ఇజీనారం వెల్డింగు
రివర్స్ కిట్టు వేరేగా ఉంటది, మోటారు పెట్టి ఒక పక్క చక్రాన్ని వెనక్కి తిప్పడమే. ఇప్పుడొస్తున్న కరెంటు స్కూటర్లకి అయితే కొన్నిటికి రివర్స్ కంపెనీ నుంచే ఉంటది, ఏథర్, ఐక్యూబ్ లాంటివాటికి. కానీ సైడు చక్రాలు వేస్తే బరువుకి రేంజి తగ్గుద్ది, వారంటీ పోద్దో లేదో బిగించకముందే షోరూములో రాతపూర్వకంగా అడగండి.

పేటమ్మాయి
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదండి ఇప్పటిదాకా. నాన్న పక్కనే కూర్చుని చదివించుకుంటన్నారు, మధ్య చక్రం గాల్లో వేలాడే మాట విని "అదే అదే" అంటన్నారు. లైసెన్సు, ఆర్‌సీ సంగతి ఏటి? పాత బండికి ఏదో రాసుండేది, ఆ కాగితం ఇప్పుడు లేదు.

కర్రల మాస్టారు
అది తేలిగ్గా తీసుకోకండమ్మా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి రూపం మార్చడానికి సాధారణంగా వీల్లేదు, అయితే వికలాంగుల కోసం మార్చుకోడానికి దాంట్లోనే దారి ఉంది, అలాంటి బండిని "అడాప్టెడ్ వెహికల్" అంటారు. కిట్టు బిగించినాక ఆర్‌టీఓ ఆఫీసుకి తీసుకెళ్ళి బ్రేకినస్పెక్టరుకి చూపించి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. సదరం సర్టిఫికెట్ (వికలాంగత ఎంతో రాసిచ్చే కాగితం), కిట్టు బిల్లు పట్టుకెళ్ళండి. నాన్నగారి లైసెన్సు కూడా ఆ రకం బండికి ఉండాలి, మామూలు గేరులేని స్కూటర్ లైసెన్సు చాలదు. ఆర్‌సీలో ఎక్కిన తర్వాత ఇన్సూరెన్సు వాళ్ళకి చెప్పి పాలసీలో రాయించండి. ఇది చెయ్యకుండా తిరిగేవాళ్ళే ఎక్కువ, పోలీసులు కూడా కర్రలు చూసి వదిలేస్తారు, కానీ ఏదైనా జరిగిన రోజున ఇన్సూరెన్సు కంపెనీ వదలదు.

అలాగే ప్రభుత్వం వికలాంగులకి ఇచ్చే మోటారు బళ్ళు కూడా ఉన్నాయి, సదరం పర్సెంటేజీ, వయసు, లైసెన్సు చూసి ఇస్తారు. సచివాలయంలో అడిగి చూడండి, కాకపోతే దానికోసం కొట్టు మూసుకుని కూర్చోవద్దు.

ఓడ మనిషి
ఒక్క మాట, అమ్మగారు వెనక కూర్చునేటప్పుడు ఒక పక్కకి తిరిగి కూర్చోవద్దని చెప్పండి. వంగని బండికి బరువు ఒక పక్కకి పడితే ఆ పక్క షాక్ దిగిపోయి మలుపులో తేడా తెలుస్తుంది.

పేటమ్మాయి
అమ్మ చీరకట్టుకుని అలాగే కూర్చుంటుంది అన్నయ్యా, చెప్తే తిడతాది 😀 కానీ చెప్తాను.
సరే, పెట్రోలు స్కూటరే, విడివిడి షాకులున్న కిట్టు, రివర్స్ మోటారు. విజయనగరం అన్నా, వచ్చే ఆదివారం నాన్నని తీసుకొస్తే ఎవరైనా కస్టమర్ బండి ఒకసారి తోలి చూడొచ్చా?

ఇజీనారం వెల్డింగు
ఆదివారం షాపు మధ్యాహ్నం దాకే అమ్మా. పొద్దున్నే రండి, గేటు కొలత మర్చిపోకండి.

కర్రల మాస్టారు
నాదీ ఆ రోజు సర్వీసుకి తెస్తాను, నాదే తోలమనండి నాన్నగార్ని. కంటోన్మెంట్ వైపు రోడ్డు గోతులమయం, మధ్య చక్రం ఆనుతుందో లేదో అక్కడే తేలిపోద్ది.