నిర్మాణాత్మక మూల్యాంకనం (పాఠం నడుస్తుండగానే పిల్లలకు ఎంత అర్థమైందో చూసే పద్ధతి) తరగతిలో ఎలా నడపాలి? అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను

నమస్కారం. నేను అనంతపురంలో బీఈడీ రెండో సంవత్సరం చదువుతూ, ఇంటర్న్‌షిప్‌లో భాగంగా కళ్యాణదుర్గం వైపు ఒక ఉన్నత పాఠశాలలో ఏడో తరగతికి గణితం బోధిస్తున్నాను. మొన్న భిన్నాల సంకలనం చెప్పి, అర్థమైందా అని అడిగితే 40 మందీ ఒక్క గొంతుతో "అయింది సార్" అన్నారు; తీరా నోటుపుస్తకాలు తిరగేస్తే సగానికి పైగా పిల్లలు 1/2 + 1/3 = 2/5 అని రాశారు. సగం జొన్నరొట్టెకు ఇంకో ముక్క కలిపితే అది సగం కంటే తగ్గుతుందా అని అడిగాక, వెనుక వరుసలోని ఒక అమ్మాయి ఏమీ మాట్లాడకుండా తన జవాబును తానే కొట్టేసింది. అలాంటి క్షణానికి మార్కు ఎక్కడ వేయాలో నాకు తెలియలేదు.

ఏడాది పొడవునా పిల్లల ప్రగతిని అన్ని కోణాల్లో చూసే నిరంతర సమగ్ర మూల్యాంకనంలో, నిర్మాణాత్మక మూల్యాంకనానికి వాడే సాధనాల్లో రాత పనులు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్షలతో నాకు పెద్ద ఇబ్బంది లేదు. చిక్కంతా పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు అనే సాధనంతోనే. ఒక్క పీరియడ్‌లో పాఠం ఆగకుండా ఇంతమంది ప్రతిస్పందనలను మీరు ఎలా నమోదు చేస్తున్నారు? అందరి చేతా పలకల మీద జవాబు రాయించి ఒకేసారి పైకెత్తించడం, గంట కొట్టే ముందు చీటీ మీద ఒక్క లెక్క చేయించడం వంటి పద్ధతులు పెద్ద తరగతుల్లో నిలుస్తాయా? తల్లిదండ్రుల వెంట వలస వెళ్లి వారాల తరబడి బడికి రాని పిల్లలను ఏ ప్రాతిపదికన అంచనా వేయాలో కూడా దయచేసి తెలుపగలరు.