శక్తి రాని మెట్టును కణం ఎందుకు ఎక్కుతుంది?

ప్రశ్న (ఇంటర్ బైపీసీ విద్యార్థిని):
నమస్కారమండీ. శ్వాసక్రియ పాఠంలో ఒక సందేహం రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. ఒక గ్లూకోజ్ అణువు రెండు పైరువేట్‌లుగా విడిపోయేసరికి నికరంగా 2 ఏటీపీలు (కణం తన పనులకు శక్తిగా ఖర్చుపెట్టుకునే అణువులు) వచ్చేస్తాయని, ఆక్సిజన్ లేకపోతే ఆ పైరువేట్ లాక్టిక్ ఆమ్లంగా మారుతుందని చదివాను. ఆ చివరి మెట్టులో ఒక్క ఏటీపీ కూడా రాదు కదా, మరి కణం పైరువేట్ దగ్గరే ఎందుకు ఆగిపోదు? ఇంకొకటి, ఆక్సిజన్ ఉంటే 38 ఏటీపీలని ఒక పుస్తకంలో, 32 అని మరొక పుస్తకంలో ఉంది. మార్కుల సంగతి అటుంచి, ఏది నిజమో తెలుసుకోవాలని ఉంది.

జవాబు (అధ్యాపకుడు):
అమ్మా, మీరు చాలామంది దాటేసి పోయే చోట ఆగారు. గ్లూకోజ్ విడిపోయే దారి మధ్యలో దాని నుంచి ఎలక్ట్రాన్లను అందుకోవడానికి ఎన్ఏడీ అనే అణువు ఉండాలి. కణంలో అది కొద్దిగానే ఉంటుంది. అందుకున్న ఎలక్ట్రాన్లను ఎవరికైనా అప్పగించి ఖాళీ అయితేనే మళ్ళీ పనికి వస్తుంది. అప్పగించే చోటు దొరకక ఉన్న ఎన్ఏడీ అంతా నిండిపోతే, పక్కన ఎంత గ్లూకోజ్ ఉన్నా పని అక్కడే నిలిచిపోతుంది, ఆ 2 ఏటీపీలు కూడా రావు. అందుకే కణం ఆ ఎలక్ట్రాన్లను పైరువేట్‌కే ఇచ్చి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఈ మెట్టు శక్తి కోసం కాదు, ఎన్ఏడీని ఖాళీ చేసుకోవడం కోసం.

ఈస్ట్ కూడా ఇదే పని మరో విధంగా చేస్తుంది. పైరువేట్ నుంచి ముందు కార్బన్ డయాక్సైడ్‌ను వదిలి, మిగిలిన అసిటాల్డిహైడ్‌కు ఎలక్ట్రాన్లు ఇచ్చి ఆల్కహాల్ తయారుచేస్తుంది. తెల్లవారుజామున దించినప్పుడు తియ్యగా ఉన్న తాటి నీరా పొద్దెక్కే కొద్దీ నురగ కట్టి కల్లుగా మారడం మీరు చూసే ఉంటారు. ఆ నురగను పొంగించేది ఈ కార్బన్ డయాక్సైడే. ఆల్కహాల్‌కు నిప్పు పెడితే మండుతుంది కదా, చక్కెరలోని శక్తిలో ఎక్కువ భాగం ఇంకా అందులోనే మిగిలిపోయిందనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

జవాబు (జీవరసాయన శాస్త్ర పరిశోధకురాలు):
రెండో సందేహం నేను తీరుస్తాను. ఆక్సిజన్ ఉన్నప్పుడు పైరువేట్ కణంలో శక్తి తయారుచేసే భాగాలైన మైటోకాండ్రియాలోకి వెళ్ళి పూర్తిగా కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది, దాని ఎలక్ట్రాన్లు చేతులు మారుతూ పోయి చివరకు ఆక్సిజన్‌ను చేరి నీరవుతాయి. ఆ ప్రయాణంలో విడుదలైన శక్తి ప్రోటాన్లను లోపలి పొర అవతలికి తోడుతుంది, అవి తిరిగి లోపలికి వచ్చేటప్పుడు ఏటీపీ తయారవుతుంది. 1961లో పీటర్ మిచెల్ ఈ ప్రతిపాదన చేసినప్పుడు చాలామంది నమ్మలేదు. 1978లో ఆయనకు నోబెల్ వచ్చింది. ప్రోటాన్ల లెక్క కాబట్టి ఇక్కడ పూర్ణసంఖ్యలు రానవసరం లేదు. ఎలక్ట్రాన్లతో నిండిన ఎన్ఏడీకి, అంటే ఒక ఎన్ఏడీహెచ్‌కు 3 ఏటీపీలు, అలాగే ఎలక్ట్రాన్లు మోసే మరో అణువైన ఒక ఎఫ్ఏడీహెచ్2కు 2 అని పాత పుస్తకాలు వేసుకోవడం వల్ల 38 వచ్చింది. ఇప్పుడు సుమారు 2.5, 1.5 అని తీసుకుంటున్నారు కనుక మొత్తం 30 లేదా 32 అవుతుంది. మైటోకాండ్రియా బయట పుట్టిన ఎలక్ట్రాన్లు ఏ దారిన లోపలికి వెళ్ళాయన్నదాన్ని బట్టి ఆ రెండు తేడా.

ఈ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కనుగొన్నవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనుగొన్నారు. ఈ పాఠం చెప్పే ప్రతి తెలుగు తరగతిలో ఆయన పేరు వినిపించాలని నా కోరిక.

ప్రశ్న అడిగిన విద్యార్థిని:
ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే ఆక్సిజన్ పుష్కలంగా ఉంటే ఏ కణమూ లాక్టిక్ ఆమ్లం తయారుచేయదా?

జవాబు (అధ్యాపకుడు):
చేస్తుందమ్మా. మన ఎర్ర రక్తకణాలనే చూడండి. ఒళ్ళంతటికీ ఆక్సిజన్ మోసే ఆ కణాల్లో మైటోకాండ్రియా ఉండవు కనుక, మోస్తున్న దాన్ని అవి తమ శక్తి కోసం వాడుకోలేవు. అందుకే రాత్రింబవళ్ళు ఆ 2 ఏటీపీల దారిలోనే బతుకుతూ, లాక్టిక్ ఆమ్లాన్ని రక్తంలోకి వదులుతాయి. కాలేయం దాన్ని తీసుకుని, తన ఏటీపీలు ఖర్చుపెట్టి, మళ్ళీ గ్లూకోజ్‌గా మార్చి రక్తంలోకి పంపుతుంది.