ఫోటోలో పడిన ఈ గీత ఉల్కా, ఉపగ్రహమా?

2025 డిసెంబర్ 13 రాత్రి 11:40కి ట్రైపాడ్ మీద తీసిన ఫోటో ఇది. 18 ఎంఎం లెన్స్, ఐఎస్ఓ 1600, 15 సెకన్ల ఎక్స్‌పోజర్. స్టెల్లేరియం అనే ఆకాశపటం సాఫ్ట్‌వేర్‌తో పోల్చి చూస్తే రోహిణి, ఆర్ద్ర, పునర్వసు జంట, దాని పక్కనే గురుగ్రహం సరిపోయాయి. అక్కడిదాకా ఇబ్బంది లేదు.

తేలనిది రోహిణికి, ఆర్ద్రకి మధ్య పడిన గీత. రెండు చివరలా సన్నం, నడుమ కాస్త ఆకుపచ్చ. ముందు ఫ్రేములో లేదు, తర్వాతి ఫ్రేములోనూ లేదు, కాబట్టి విమానం అనుకోను. జెమినిడ్ (ఏటా డిసెంబర్‌లో వచ్చే జెమినిడ్స్ ఉల్కాపాతంలోని ఉల్క) అని సంబరపడ్డాను గానీ, గీతను స్కేలుతో రెండు వైపులా పొడిగించి చూస్తే జెమినిడ్లు బయల్దేరినట్టు కనిపించే చోటుకి దగ్గరున్న కాస్టర్‌కి (పునర్వసు జంటలో ఒక నక్షత్రం) చాలా దూరంగా పోతోంది. ఆ సమయానికి ఉపగ్రహాల జాబితా కూడా వెతికాను, ఏదీ కలవలేదు.

ఇది జెమినిడ్స్‌కి సంబంధం లేని విడి ఉల్కా, లేక క్షణకాలం మెరిసిన ఉపగ్రహమా అని ఈ ఒక్క ఫ్రేమును బట్టి ఎలా తేల్చాలి?