ట్రినిడాడ్ టిఫిన్ డబుల్స్ ఇంట్లో చేసినవాళ్ళు ఉన్నారా?

మా వదిన పుట్టి పెరిగింది ట్రినిడాడ్‌లో, 1845 నుంచి కూలి ఒప్పందాల మీద అక్కడికెళ్ళిన మనోళ్ళ వంశమే, వచ్చే నెల హైదరాబాద్ వస్తోంది, పొద్దున్నే తనకి వాళ్ళ టిఫిన్ పెట్టాలని నాకు చాలా ఉంది. సదా రోటీ, బైగన్ చోకా చేసేస్తా, వంకాయ కాల్చి మెదిపి వెల్లుల్లి కాచిన నూనె పోయడమే కదా. డౌట్ అంతా డబుల్స్ మీదే. పసుపు, ఈస్ట్ వేసిన మైదాతో రెండు బారాలు (నూనెలో వేయించిన మెత్తటి రొట్టెలు), పైన శనగల కూర, ఇంతవరకు తెలుసు. ఆ పిండి చేతికి అంటుకునేంత మెత్తగా ఉండాలా లేక పూరీ పిండిలా గట్టిగానా, ఎంతసేపు పొంగనివ్వాలి? షాడో బెనీ ఆకు (కొత్తిమీర లాంటి వాసనుండే పొడుగాకు) ఇక్కడెక్కడైనా దొరుకుతుందా, కొత్తిమీరతో సరిపెట్టొచ్చా? బల్జోల్‌కి (ఉప్పు చేపతో, ఉల్లి, టమాటా కలిపి చేసే వంటకం) కావాల్సిన ఉప్పు కాడ్ చేప బదులు మన ఎండు చేపల్లో ఏది బాగుంటుంది? అక్కడ ఉండొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.