వీడియో కాల్‌లో అక్క కొట్టిన ‘ఊఁ’ అమ్మకు చేరడం లేదు

తెనాలి_అమ్మాయి: భాషాశాస్త్రం ఎం.ఎ. రెండో ఏడు చదువుతున్నాను. ప్రాజెక్టుకి మా ఇంటి మాటలే తీసుకున్నాను. అమ్మ తెనాలిలో, అక్క డాలస్‌లో ఉంటారు. ఇద్దరినీ అడిగే, అమ్మ ఫోన్‌లో 6 వీడియో కాల్స్ రికార్డు చేశాను.

అమ్మ ఏదైనా చెబుతుంటే ఊఁ కొట్టాలి, లేకపోతే ఆపేస్తుంది. చిన్నప్పుడు కథలకూ అంతే. అక్క ఊఁ కొడుతూనే ఉంటుంది. అది ఆలస్యంగా వచ్చి అమ్మ తర్వాతి మాట మీద పడుతుంది, ఒక్కోసారి అసలు వినపడదు. మూడో కాల్‌లో పిన్ని ఆపరేషన్ సంగతి చెబుతూ అమ్మ ఆగిపోయింది. "ఏంటే, పనిలో ఉన్నావా? సర్లే, తర్వాత చెప్తాలే" అని పెట్టేసింది. తర్వాతి మూడు కాల్స్‌లోనూ ఆ మాట ఎత్తలేదు. రాసుకుంటూ ఏడుపొచ్చింది.

ఊఁలు లెక్కపెడితే సరిపోతుందా?

మాటల_మేస్త్రి: చాలదమ్మా. ఏ మాట తర్వాత పడిందో చూడాలి. ఇలాంటి పలుకుల మీద, సంభాషణల పరిశోధకుడు షెగ్లాఫ్ 1982లో రాశాడు. ఊఁ అంటే విన్నానని మాత్రమే కాదు, నా వంతు తీసుకోను, నువ్వే కానివ్వు అని కూడా. 10 భాషల్లో ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఖాళీని పోల్చిన 2009 అధ్యయనంలో సగటు సుమారు 200 మిల్లీసెకన్లే. నెట్‌లో మాట వెళ్లడానికి 300, ఊఁ తిరిగి రావడానికి 300 పడితే, అక్క వెంటనే పలికినా అమ్మకు అది మౌనమే. మనిషి మౌనం అనుకుంటుంది, లైను ఆలస్యం అనుకోదు.

ముఖ్యమైన సంగతి: రెండు చివరలా రికార్డు చెయ్యి. అమ్మ విన్న కాల్, అక్క విన్న కాల్ ఒకటి కావు. నీ దగ్గర ఇప్పుడున్నది సగమే.

సౌండ్_పని: నెట్ ఒక్కటే కాదండీ. స్పీకర్‌లో మాట్లాడితే ప్రతిధ్వని రాకుండా యాప్ ఒక్కోసారి అవతలి గొంతు తగ్గించేస్తుంది. ఊఁ లాంటి చిన్న శబ్దాన్ని చప్పుడనుకుని తీసేయవచ్చు కూడా. ఇద్దరినీ వైరు ఇయర్‌ఫోన్స్ పెట్టుకోమని ఒక కాల్ చేయించి పోల్చండి.

డెట్రాయిట్_నాన్న: మా అమ్మతో నేను ఊఁ మానేసి తల ఊపుతాను. ఫోన్ నిలబెట్టి ఆవిడకు నా మొహం కనపడేలా పెడతాను. ఇప్పుడు ఆగకుండా చెబుతుంది.

తెనాలి_అమ్మాయి: రెండు చివరల సంగతి నాకు తట్టనే లేదు, థాంక్స్ అండీ. ఆదివారం ఇయర్‌ఫోన్స్‌తో చేయిస్తాను. పిన్ని సంగతి తనే అడగమని అక్కకు చెప్పాను. ఆ కాల్ మాత్రం రికార్డు చెయ్యను.