అప్‌డేట్: రష్యన్ సారు సంస్మరణ సభలో తెలుగులోనే మాట్లాడాను

మా రష్యన్ సారు సంస్మరణ సభలో ఏ భాషలో మాట్లాడాలని గత నెల అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. నిన్న అనంతపురంలో సభ జరిగింది, నేను తెలుగునే ఎంచుకున్నాను. రష్యన్‌లో వర్తమానం చెప్పేటప్పుడు ఇంగ్లీషులోలాగా 'ఈజ్' అక్కర్లేదని, 'ఎతా మోయ్ బ్రాత్' అంటే అచ్చంగా 'ఇతను నా తమ్ముడు' అని (అన్నో తమ్ముడో ఆ ఒక్క మాట తేల్చదనుకోండి), కాబట్టి తెలుగు మీదుగానే నేర్చుకొమ్మని ఆయన మొదటి రోజే చెప్పిన సంగతి గుర్తుచేశాను. అదే వాక్యాన్ని గతానికి మారిస్తే మాత్రం రష్యన్‌లో క్రియ చేర్చక తప్పదు. తెలుగులో 'ఆయన మా సారు' అని ఇప్పటికీ అనగలిగాను. 33 అక్షరాలలో సొంత ధ్వని లేని రెండింటినీ ఆయన నల్లబల్ల మీద పెద్దవిగా రాసేవారని చెబుతుండగా గొంతు పూడుకుపోయింది. ఎర్ర సిరాతో ఆయన దిద్దిన నా నోటుపుస్తకాన్ని అమ్మగారికి ఇవ్వబోతే, ఆరు విభక్తుల పట్టిక ఉన్న పేజీని కాసేపు నిమిరి, తిరిగి నా చేతిలోనే పెట్టారు.